తివాచీలప్పుడు రాని తల తిరుగుడు

రంజాన్ దగ్గరపడితే అలెగ్జాండ్రియాలో ప్రతి ఇంటి తివాచీ బాల్కనీ ఎక్కాల్సిందే. ఐదో అంతస్తులో ఒక కొస తహానీ పట్టుకుంది, రెండో కొస మొగుడు ముఖ్తార్ పట్టుకున్నాడు.

"కాస్త బయటికి వంగి దులుపమ్మాయ్, దుమ్మంతా ఇంట్లోకే వస్తోంది," అంది కుర్చీలోంచి అత్తగారు.

వంగితే వీధి గిర్రున తిరుగుతుంది. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. చలికాలంలో వైరస్ సోకి లోపలిచెవి దెబ్బతిన్నప్పటి నుంచి తహానీ తల తిప్పితే గోడలు కదులుతాయి. అత్తగారు దిష్టి తగిలిందని సాంబ్రాణి వేసింది, తలకు గుడ్డ బిగించి కట్టింది, కదలకుండా పడుకోమంది. పడుకోవడమంటే పాఠాలు చెప్పడానికి బడికి వెళ్లకపోవడం, అంతే. ఆ పడుకున్న మనిషే లేచి ద్రాక్షాకుల్లో బియ్యం కూరి చుట్టింది, ఆడబిడ్డ పిల్లలకు స్నానాలు చేయించింది, మొగుడి చొక్కాలు ఇస్త్రీ చేసింది. బడి గుమ్మం దాకా పోనివ్వని జబ్బు వంటింటి గుమ్మం దగ్గర ఎలా నయమైపోతుందో ఆ దేవుడికే తెలియాలి.

ఫిజియోథెరపీ చేయించే ఇల్హాం మాత్రం ఆమెను పడుకోనివ్వలేదు. బొటనవేలు ఎదురుగా పెట్టి, చూపు దాని మీదే నిలిపి తల అటూ ఇటూ తిప్పించింది. మెత్తటి దిండు మీద కళ్లు మూయించి నిలబెట్టింది. తహానీ వాంతి చేసుకుంది, ఏడ్చింది. "తిరగనీ అక్కా. తిరిగితేనే మెదడు నేర్చుకుంటుంది. పడుకుంటే ఏం నేర్చుకుంటుంది, నా మొహం!" అంది ఇల్హాం. ఇక రోజూ ఒంటరిగా ట్రామెక్కి జనంలో తిరగాలంది. ఆ మాట ఇంట్లో చెబితే ముఖ్తార్ నవ్వాడు. "నువ్వు తూలుతూ నడిస్తే తాగొచ్చావనుకుంటారే. నా పరువేం కాను?"

పరువు వెనకున్న సంగతి ఈ పొద్దున్నే తెలిసింది. తోటి టీచరు ఫోన్ చేసి, "మానేస్తున్నావట కదా! మీ ఆయన హెడ్ మేడమ్‌కి చెప్పారట. నీ తరగతి కొత్తమ్మాయికి ఇస్తున్నారు," అంది. తహానీ ఒళ్లు మండిపోయింది. తన నోట రాని మాట తన పేరు మీద బడికి చేరిపోయింది.

"వంగమంటే వంగవేం?" ముఖ్తార్ విసుక్కున్నాడు.

"తల తిరిగే మనిషిని ఐదో అంతస్తులోంచి వంగమంటారా?"

"తివాచీ దులపడానికి తలెందుకే?"

తహానీ తన కొస వదిలేసింది. బరువంతా ముఖ్తార్ మీద పడింది. అతనూ వదిలితే కింద కాఫీ కొట్టు ముందు కూర్చున్నవాళ్ల నెత్తిన పడుతుంది. వదలకపోతే కదల్లేడు.

"ఎక్కడికే?"

"ట్రాముకి."

"పడిపోతావే, ఒసేయ్!" అత్తగారు లేవబోయింది.

"పడితే లేస్తాను అత్తయ్యా," అని తహానీ సంచీ అందుకుంది.

మెట్లు ఊగాయి. ఊగనిచ్చింది. వీధిలోకొచ్చి తల పైకెత్తేసరికి మేడలన్నీ పక్కకి ఒరిగాయి. కాళ్లు ఎడంగా పెట్టి, తమ బాల్కనీ కమ్మీ మీద చూపు నిలిపి, అది కుదుటపడేదాకా ఆగింది. పైన ముఖ్తార్ తివాచీని వాటేసుకుని చెమటలు కక్కుతున్నాడు. ఎదురు బాల్కనీల్లో ఆడవాళ్లు దులపడం ఆపి చూస్తున్నారు.

"ఏవండోయ్!" వీధి వీధంతా వినేలా కేకేసింది తహానీ. "నేను బడి మానేశానని హెడ్ మేడమ్‌కి మీరు అబద్ధం చెప్పారట. నిజం చెప్పడానికి నేను వెళ్తున్నా!"