మేనత్త పెట్టిన సొర కార్జం

నా మొగుడి అక్క, మా వదిన కాలోలైనే పెట్టింది తిననన్న మనిషి మా వవావు దీవిలో ఇంకా పుట్టలేదు. మా టోంగా వాళ్ళకి తండ్రి తోడబుట్టిందే ఇంటికి పెద్ద. మొగుడితో పోట్లాడొచ్చు, పాస్టరు మీద గొణుక్కోవచ్చు, మేనత్త ముందు మాత్రం తల వంచాల్సిందే. డెంగ్యూ జ్వరం తగ్గాక నా కూతురు తోకిలూపే జుట్టు పిడికెళ్ళకొద్దీ రాలుతోందని ఆమె చెవిన పడింది. అంతే, మర్నాటి నుంచీ పొద్దున్నే గిన్నెడు సొర కార్జం వండి తేవడం మొదలుపెట్టింది.

"ఫూసీ, పిల్లకి బలం చాలట్లేదు. సముద్రంలో ఉన్న బలమంతా సొర కార్జంలోనే ఉంది. మూడు నెలల్లో నడుం దాకా జుట్టు రాకపోతే నన్నడుగు!"

అడగడానికి నాకెన్ని తలలున్నాయి?

పిల్ల కిక్కురుమనకుండా తినేది. పెదాలు పగిలాయి. తలనొప్పితో పొద్దుటే లేవలేకపోయేది. జుట్టు ఆగకపోగా ఇంకా ఎక్కువ రాలింది. అది చూసి వదిన ఇంకా పెద్ద గిన్నె తెచ్చింది.

పదోవారం ఇక ఓర్చుకోలేక పిల్లని ఆసుపత్రికి లాక్కెళ్ళాను. పిసిలా అనే నర్సు, పిల్ల ఏం తింటోందని అడిగింది. చెప్పాను.

"రోజూనా! ఓరి దేవుడా! అందులో ఉండే విటమిన్ కొంచెమైతే మేలే. ఇంతింత రోజూ లోపలికి పోతే విషమే. జుట్టు ఇంకా రాలుతోంది దానివల్లే. ఇవాళే ఆపెయ్. లేకపోతే జుట్టు సంగతి అటుంచు, పిల్ల కార్జమే పాడైపోద్ది. చేపలు, గుడ్లు, చేమాకు... మామూలు తిండి పెట్టు. జుట్టు దానంతటదే వస్తుంది."

దారిలో తోకిలూపే నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, అత్తకి చెప్పకే. ఆవిడ మాట ఎలా కాదంటాం? జుట్టు పోతే పోయింది."

"రేపు నువ్వే పోతే? నోర్మూసుకుని నడు."

దాన్ని ఇంట్లో దింపి తిన్నగా వదిన ఇంటికెళ్ళాను. గుమ్మం దగ్గరే కూర్చుని, తలెత్తకుండా ఉన్నదంతా చెప్పేశాను. వదిన గిన్నె తోముతూనే ఉంది. ఇక మా గతి అంతే అనుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున్నే వచ్చింది. చేతిలో గిన్నె లేదు. నడుముకి చిరిగిన పాత చాప చుట్టుకుంది. మెడలో ఇఫీ చెట్టు ఆకుల దండ. అది క్షమాపణ వేషం, చిన్నవాళ్ళు పెద్దల ముందు వేసుకునేది. ఆమె మా వాకిట్లో మట్టిలో కూర్చుని, నా కూతురి ముందు తల వంచింది.

"తోకిలూపే, తప్పు చేశాను తల్లీ. నీకు పడుతోందా లేదా అని ఒక్కనాడూ అడగలేదు. గిన్నె పెట్టేసి పోయాను గానీ నీ మొహం చూడలేదు."

ఆ తల ఎవరి ముందైనా వంగడం ఇన్నేళ్ళలో నేను చూడలేదు. నా మొగుడు ఆ వేషంలో ఉన్న అక్క ముందుకి రాలేక తలుపు వెనకే నిలబడి ఏడ్చేశాడు. తోకిలూపే మెల్లగా దిగి వెళ్ళి, ఆ దండ తీసేసింది. మన్నించానని అర్థం.

వదిన ముక్కు తుడుచుకుంది. "ఫూసీ, ఆ నర్సు ఏం తినమందో మళ్ళీ చెప్పు. నిదానంగా చెప్పు."

అప్పట్నుంచి కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు, చేపల పులుసు, గుడ్లు తెచ్చేది. వడ్డించే ముందు ఆగి, "చాలా, ఇంకొంచెం వెయ్యనా?" అని అడిగేది. ఆ మాట విన్నప్పుడల్లా నేను పని ఆపి చూస్తూ నిలబడేదాన్ని.

కార్జం మానేసిన నాలుగో నెలలో ఒక ఆదివారం, చర్చికి వెళ్ళే ముందు పిల్ల తలకి నూనె రాస్తూ వదిన కేకేసింది. "ఫూసీ! ఇటు రా, తొందరగా!"

ఏమైందోనని పరిగెత్తాను. నా వేళ్ళు పట్టుకుని పిల్ల కణతల మీద ఆనించింది. గరుగ్గా, పొట్టిగా, ఒత్తుగా కొత్త వెంట్రుకలు!

"నేను కార్జం పెట్టడం ఆపాక వచ్చాయే ఫూసీ," అంది మా వదిన.