చన్నీళ్ళ పరీక్ష

ఏప్రిల్ పదకొండున డ్రైవరమ్మ తిన్నది రెండు ఉడికించిన గుడ్లు, ఒక అరటిపండు. తారీఖు ఆమెకు బాగా గుర్తు. ఆసుపత్రిలో తన నొప్పి గురించి పచ్చి అబద్ధం ఆడింది ఆ రోజే.

ఆమె బడిపిల్లల బస్సు నడుపుతుంది. క్లచ్ తొక్కే ఎడమ మోకాలు అరిగిపోయింది, మార్చక తప్పదన్నారు. ఆపరేషన్ మర్నాడు. ముందుగా నర్సు మంచుముక్కలు వేసిన నీళ్ళగిన్నె తెచ్చి, చెయ్యి అందులో పెట్టమంది.

"ఓర్చుకోలేననిపించగానే తీసెయ్యండమ్మా. గాయం మానాక కూడా నొప్పి ఎవరికి మిగిలిపోతుందో ముందే అంచనా వెయ్యడానికి ఇది."

డ్రైవరమ్మ పళ్ళ బిగువున చెయ్యి ఉంచేసింది. వేళ్ళు కొయ్యబారినా మొహంలో గీత కదల్లేదు. చివరికి నర్సే జాలిపడి ఆ చెయ్యి పైకి తీసి, తువ్వాలు చుట్టి రుద్దింది. నిద్ర పడుతోందా అంటే పడుతోందంది డ్రైవరమ్మ. భయమా అంటే నవ్వేసింది. నొప్పి మిగిలే ముప్పు తక్కువని తేల్చారు.

వరండాలో అక్క కూర్చుని ఉంది. ఆవిడకూ కొన్నేళ్ళ కిందట ఇదే ఆపరేషన్ అయింది. కుట్లు మానాయి గానీ నొప్పి మాత్రం ఏళ్ళ తరబడి మకాం ఎత్తలేదు.

"నెగ్గాను," అంది డ్రైవరమ్మ ఎర్రబడ్డ చెయ్యి చూపిస్తూ.

"ఏం నెగ్గావే, నీ మొహం. ముప్పు ఎక్కువున్నవాళ్ళకి నరానికి వేరే మత్తుసూది ఇస్తారట. ఇంటికెళ్ళాక కూడా వదలకుండా చూస్తారట. ఇప్పుడు నీకు అవేం ఉండవు. నన్నైతే అసలు అడిగినవాళ్ళే లేరు. అడిగితే చెప్పి చచ్చేదాన్ని."

డ్రైవరమ్మ కుంటుకుంటూ వెనక్కి వెళ్ళింది. గదిలో నర్సుతో పాటు మత్తు డాక్టరు కూడా ఉన్నాడు.

"డాక్టరుగారూ, నేను అబద్ధం చెప్పాను. మళ్ళీ పెట్టండి ఆ గిన్నె."

"ఇప్పుడు భయపడి ఎక్కువ చేసి చెప్తారేమోనమ్మా. పైగా రేపటి ఏర్పాట్లన్నీ అయిపోయాయి."

"అయితే మార్చండి. అబద్ధం మీద నా మోకాలు కొయ్యనివ్వను." గుమ్మం పక్క కుర్చీలో కూలబడి, నొప్పికాలు అడ్డంగా చాపింది. "దాటుకుని వెళ్ళండి, చూద్దాం."

డాక్టరు ఆ కాలివంక చూశాడు. నర్సు మాత్రం దాన్ని తగలకుండా జాగ్రత్తగా దాటి, మంచు తేవడానికి వెళ్ళిపోయింది.

ఈసారి డ్రైవరమ్మ చెయ్యి పెట్టీ పెట్టగానే లాగేసుకుంది. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదంది. అక్కలా అయిపోతే బస్సు ఎలా తోలాలోనని గుబులంది.

"ముప్పు ఎక్కువే," అన్నాడు డాక్టరు మెల్లగా. "సూది ఇస్తాం. అయినా నొప్పి మిగలదని మాటివ్వలేను. ఆలోచించుకుంటారా?"

"దారిలో గుంట ఉందని తెలిస్తే బస్సు ఆపేసి ఇంటికి పోతామా? పక్కనించి పోనిస్తాం. మీరు కొయ్యండి, నేను నడుస్తాను. మిగిలిందా, దాని సంగతి నేను చూసుకుంటా."

సాయంత్రం నర్సు ఆమె మోకాలి కింద దిండు సర్దింది. అక్క కుర్చీలోనే కునుకు తీస్తోంది.

"భయంగా ఉందామ్మా?"

"ఉంది," అంది డ్రైవరమ్మ, గొంతు తగ్గించకుండానే. "అయినా పొద్దున్నే తీసుకెళ్ళండి."

నర్సు వెళ్తూ అక్క ఒళ్ళో ఒక దుప్పటి వేసి, దీపం తగ్గించి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.