రెండు పెట్టెల మధ్య కాగితం

తేనెపెట్టెలో మోత మారిపోయింది. మొన్నటిదాకా నిండింటి సందడిలా ఉండేది, ఇప్పుడు తల్లి కనపడని పిల్లల ఏడుపులా ఉంది. వడ్రంగి మూతకు చెవి ఆనించి విన్నాడు.  కొత్త రాణి ఈగ చచ్చింది ఆయన చేతిలోనే.

పాత రాణి ముసలిదై చచ్చిపోయాక, వెతికి వెతికి ఇంకోదాన్ని తెప్పించాడు. మేడమీద పెట్టె తెరిచి, తోలు తొడుగులు వేసుకున్న చేత్తో దాన్ని పట్టుకుని ఈగల మధ్య వదిలాడు. రెప్ప వేసేలోగా అవి బంతిలా చుట్టుముట్టి ఊపిరాడకుండా చేశాయి. ఆ తొడుగులంటే ఆయనకు ప్రాణం. ఏనాడూ ఉతికి ఎరగడు. ఆ వాసన పట్టే ఈగలు తనను గుర్తుపడతాయని ఆయన నమ్మకం.

ఇళ్లకు రంగులేసే బావమరిది వచ్చి, ఎలాగూ ఈగలు పోతాయి కదా, పెట్టె తనకిస్తే బ్రష్షులు దాచుకుంటానన్నాడు.

"మనుషులుండగానే అద్దెకు బోర్డు పెడుతున్నావురా" అన్నాడు వడ్రంగి. అన్నాడే గానీ, ఆ మాటలో నిజం ఆయనకూ తెలుసు. పూలకాలం ముంగిట్లో ఉంది. రాణి లేకపోతే పిల్లలు లేవు, పిల్లలు లేకపోతే అప్పటికి పెట్టెలో మిగిలేది మైనమే.

మేడమీద కోడలికి సొంతంగా ఓ చిన్న పెట్టె ఉంది. ఈగలు కొద్దివే గానీ రాణి వయసులో ఉంది. రెండు కాపురాలూ కలిపేద్దామంది ఆమె. ఆయన ఒప్పుకోలేదు. కొట్టుకుంటే ఆ రాణి కూడా పోతుందని, రెండో చావు తన నెత్తిన వద్దని అన్నాడు.

ఆమె లోపలికి వెళ్లి తొడుగులు తెచ్చి ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

"ఏం వాసనొస్తోంది మామయ్యా?"

"మగ్గిపోయిన అరటిపండు."

"ఈగ కుట్టినప్పుడు వదిలే వాసన అది. 'రండి, కుట్టండి' అని మిగతావాటికి కబురు. ఇన్నేళ్లుగా మీకు పడ్డ పోట్లన్నీ ఈ తోలులో ఉన్నాయి. దీంతోనే రాణిని పట్టుకున్నారు."

వడ్రంగి మొహం మాడ్చుకుని కిందికి దిగిపోయాడు. చిత్రిక పట్టిన పలకనే మళ్లీ మళ్లీ పట్టాడు. తొడుగులు తొడిగినప్పుడల్లా ఈగలు రేగేవి. అవి రేగినా తను బెదరడని అందరి ముందూ మీసం తిప్పేవాడు. రేపిందే తనని ఇప్పుడు తెలిసింది. పలక కాగితమంత పల్చనయ్యాక దాన్ని పక్కన పడేసి, చేతులు మట్టితో రుద్ది కడుక్కున్నాడు.

పొద్దుగూకి ఈగలన్నీ ఇల్లు చేరాక పైకొచ్చాడు. "ఎలా పెట్టాలో చెప్పమ్మా" అన్నాడు.

కోడలి పెట్టె కిందుంది. ఆమె దాని మూత తీసి, పైన ఒక్క పొర పాత వార్తాపత్రిక పరిచి, సూదితో రెండు మూడు చోట్ల పొడిచింది. దానిమీద అడుగు పలక తీసిన మామ పెట్టె ఎక్కించాలి. నేరుగా కలిస్తే పరాయి వాసన అని ఒకదాన్నొకటి చంపుకుంటాయట. కాగితం కొరుక్కుంటూ వచ్చేసరికి రెండిళ్ల వాసనా ఒకటవుతుందట, రాణి వాసన నోటినుంచి నోటికి పైదాకా పాకుతుందట.

ఆయన వట్టి చేతులతో పెట్టె ఎత్తాడు. ఒక ఈగ బొటనవేలి మీదికి ఎక్కింది. చెయ్యి కదపకుండా ఆగాడు. అది గోరుదాకా నడిచి, తన దారిన తాను లోపలికి పోయింది.

మర్నాడు ఏమీ తెలియలేదు. ఆ తర్వాతి ఉదయం బావమరిది మెట్లమీదే ఆగి, శవాలెన్ని తేలాయని అడిగాడు. వడ్రంగి కింది పెట్టె వాకిలి దగ్గర కూర్చున్నాడు. శవాలు లేవు. ఈగలు కాగితం ముక్కలు బయటికి ఈడ్చి పారేస్తున్నాయి. ముక్కలమీద సగం సగం అక్షరాలు.

"చదువుకుంటున్నాయి బావా" అన్నాడు బావమరిది, గొంతు తగ్గించి.

ఇంకొన్నాళ్లు ఆగి, పై పెట్టెలో మైనపు గదులున్న నడిమి చట్రం లేపారు. ఆయన పెట్టెలోని ఈగలే, పైకెక్కి వచ్చిన కోడలి రాణి చుట్టూ తలలు లోపలికి పెట్టి నిలబడి, మీసాలతో దాన్ని నిమురుతున్నాయి. అది వాటి మధ్య దర్జాగా నడుస్తూ, ఒక్కో గదిలో తోక దించుతోంది. అది దాటిపోయిన ప్రతి గది అడుగునా తెల్లగా, సన్నగా ఓ గుడ్డు.

ఆయన కళ్లు తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు. చట్రాన్ని ఎండకెత్తి కోడలికి చూపించాడు, బావమరిదికి చూపించాడు. ఆ తర్వాత పిట్టగోడ దాకా వెళ్లి, కింద వీధిలో పోయేవాళ్లు తలెత్తి చూసేలా గట్టిగా పిలిచి చెప్పాడు:

"మా కోడలి రాణిని మావాళ్లు ఒప్పుకున్నారు!"