ఆగిన పనికి ముందు వంతు

జొన్నరొట్టె పెనం మీద తిప్పుతుంటే మా ఆయన బాలప్ప నవ్వుతూ అన్నాడు, "కంప్యూటర్ మిషన్‌కు వరుస పెట్టుడు గంత పెద్ద కొలువా? ఇంట్ల పెడ్తనే ఉన్నవ్ గద."

ఎగతాళికే అన్నా అది నిజం. మొదటి రొట్టె ఆయనకు, తర్వాత పిల్లలకు, ఆపైన అత్తమ్మకు. ఆఖరిది, అంచు మాడినది నాది. ఎవరూ రాయని ఆ వరుసను పెళ్లయినప్పటి నుంచి తొమ్మిదేళ్లుగా నేనే నడుపుతూ వచ్చాను.

తాండూరు బయట మా సిమెంటు ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఒక్కటే, అన్ని సెక్షన్లూ దాని మీదే పడతాయి. ఎవరి పని ముందు నడవాలో దానికి చెప్పిపెట్టే బాధ్యత ఆ ఏడు, 1988లో, నాకిచ్చారు. ఆఫీసర్ల పనికి పెద్ద నంబరు, మిగతావాటికి చిన్నది. పెద్ద నంబరు ముందు నడుస్తుంది. ఆఫీసర్ల పనులు పొద్దంతా వస్తూనే ఉండేవి. దవాఖాన నర్సు జహీరాబీ పంపిన జాబితా మాత్రం ఆరు రోజులుగా అడుగునే పడి ఉంది. రాళ్లు మోసే ఆడవాళ్లలో ఎవరెవరికి దగ్గు తగ్గలేదో చెప్పే జాబితా అది. ఆ రోజు పొద్దున అది చూసి నాకు ఒళ్లు మండింది. ఇంకో నియమం చేర్చాను: ఆగిన ప్రతి గంటకూ పనికి ఒక నంబరు పెరగాలి, అది ఎవరిదైనా సరే.

"మా పని ఎన్కకు పోతదా అమ్మా?" అని స్టోర్స్ ఆఫీసర్ ముర్తుజా సాబ్ పరేషానయ్యాడు.

"పోదు సాబ్. జర ఆగుతది, గంతే."

మధ్యాహ్నానికి జాబితా అచ్చయి వచ్చింది. జహీరాబీ ఆ కాగితాలు గుండెకు హత్తుకుని "మస్తు పని చేసినవ్ భాగమ్మా" అంది. ఎంత సంతోషమేసిందో! ఇంటిదాకా కూనిరాగం తీస్తూనే నడిచాను.

ఆ సంతోషంలోనే, రొట్టెలయ్యాక, పిల్లల నోటుపుస్తకంలో ఇంట్లో ఆగిపోయిన పనులు రాయడం మొదలుపెట్టాను. మొదటిది నాదే: అనంతగిరి. పెళ్లయిన కొత్తలో చూపిస్తానన్నాడు. ఎప్పుడడిగినా "పోదాం తియ్, గుట్టలు యాడికి పోతయ్" అంటాడు. గుట్టలు పోవు, నా ఏళ్లే పోతున్నాయి. ఈ ఆదివారం ఒక్కదాన్నయినా రైలెక్కాలనుకున్నాను.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?" అంది మా అత్తమ్మ భీమమ్మ, చేటలో కందిపప్పు ఏరుతూ. చెప్పాను. ఆమె చెయ్యి ఆగింది.

"నాది గుడ రాయి. అనంతగిరి సామికి మొక్కున్నది. గీ బాలప్ప కడుపుల ఉన్నప్పుడు మొక్కిన."

బాలప్పకు ముప్పై నాలుగేళ్లు. 'ఆడిది ఆఖర్కు తింటేనే ఇల్లు నిలుస్తది' అని పెళ్లయిన మూడో రోజు నాకు చెప్పిన మనిషి ఈమే. తీరని మొక్కుతో ఇన్నాళ్లూ నాకంటే వెనక నిలబడి ఉంది, నాకు తెలియనే లేదు. నాది కొట్టేసి ఆమె మొక్కు పైన రాశాను, దాని కింద మళ్లీ నాది.

"అత్తమ్మా, ఆయితారం పొద్దుగాల బండికి ఇద్దరం వికారాబాద్ పోతున్నం. ఆడికెళ్లి గుట్టకు."

చెయ్యి కడుక్కుంటున్న బాలప్ప ఇటు తిరిగాడు. "మరి రొట్టెలు?"

అత్తమ్మ మళ్లీ పప్పు ఏరడం మొదలుపెట్టింది.

"పిండి డబ్బల ఉన్నది కొడుకా. మేం ఒచ్చేవరకు చేసిపెట్టు. మొదటి రొట్టె భాగమ్మకు."