దగ్గు ఆగిన పూట

దగ్గు తగ్గుతుందని మందు తెస్తే, దానితోనే దగ్గు రెండింతలైందని దానమ్మకు ఒళ్లు మండిపోయింది. గిద్దలూరు మిషను ఆసుపత్రి డాక్టరమ్మ సీసా ఇస్తూ చెప్పనే చెప్పింది, "ఇది రొమ్ములో కళ్లె కరిగించే మందు. రెండు దినాలు బాగా దగ్గుతాది. దగ్గనియ్యండి" అని. చెప్పడానికేం! ఎనిమిది నెలల ఎలీషబా గుక్క తిప్పుకోకుండా దగ్గుతుంటే చూడవలసింది నాయనమ్మ దానమ్మ. కోడలు సామ్రాజ్యం పొద్దున్నే జొన్నకోతకు పోయింది.

ఆ పల్లెలో కూలికి పోయే తల్లులు పిల్లకు ఆవగింజంత నల్లమందు పాలలో రంగరించి నాకించేవారు. ఇక సాయంత్రం దాకా కిక్కురుమనదు. అది పాపమని చర్చి అయ్యగారు ప్రతి ఆదివారం ప్రసంగంలో అరిచేవాడు. సోమవారం అయ్యగారు కోతకు పోడు కదా.

దానమ్మ ఆవగింజంతే తీసింది. మనవరాలి అవస్థ చూడలేక ఇంకాస్త కలిపింది. దగ్గు ఆగింది. దేవునికి స్తోత్రం చెప్పుకుని గంజి తాగింది.

మధ్యాహ్నం పాలివ్వడానికి వచ్చిన సామ్రాజ్యం, "అత్తా, మందు పనిచేసినట్టుందే!" అని సంబరంగా బిడ్డను ఎత్తుకుంది. బిడ్డ మెడ వాలిపోయింది. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. గొంతులో గురగుర తప్ప చలనం లేదు.

రైతు పుల్లయ్య బండి కట్టాడు. దారి పొడవునా దానమ్మ నోరు విప్పలేదు. చెబితే కోడలు మళ్లీ తన ముఖం చూడదు. చెప్పకపోతే?

"సీసా మందు కాకుండా ఇంకేమిచ్చినారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఏమీ లేదమ్మగారూ" అంది సామ్రాజ్యం. పాపం, ఆమెకేం తెలుసు!

"అయితే ఆ మందే ఇంకొంచెం పోయాల" అంటూ డాక్టరమ్మ సీసా అందుకుంది.

"వద్దమ్మా!" దానమ్మ ఆమె కాళ్ల మీద పడింది. "నేనే నల్లమందు పెట్టినా. దగ్గు సూడలేక పెట్టినా."

"కరిగిన కళ్లె దగ్గితేనే కదమ్మా బయటికొచ్చేది! ఆ దగ్గునే చంపితివే!"

డాక్టరమ్మ పిల్లను బోర్లించి వీపు చరిచింది, ముఖాన చన్నీళ్లు కొట్టింది, అరికాళ్లు గిల్లింది. పొద్దున్నుంచీ ఆ దగ్గును తిట్టిన నోటితోనే దానమ్మ బతిమాలుకుంది. "దగ్గు నా తల్లీ! ఒక్కసారి దగ్గు!"

పొద్దు వాలే వేళకు చిన్న దగ్గు వచ్చింది. తర్వాత పెద్దది. కళ్లె పడింది. పిల్ల కెవ్వుమంది. సామ్రాజ్యం బిడ్డను లాక్కుని, అత్తకు వీపు పెట్టి కూర్చుంది.

"ఈ పిల్ల దక్కింది" అంది డాక్టరమ్మ. "ఇట్ల నిద్రపోయి లేవనోళ్లను ఎంతమందిని చూసినానో."

దానమ్మకు తన నడిపి కొడుకు ఏబేలు గుర్తొచ్చాడు. ఏడు నెలలవాడు. కోతల కాలంలోనే, దగ్గి దగ్గి, ఉయ్యాలలో నిద్రపోయి మళ్లీ లేవలేదు. దేవుడు తీసుకుపోయాడని పాతికేళ్లుగా దేవుణ్ణే తిట్టుకుంటోంది. ఆ పొద్దున పాలలో రంగరించి పెట్టింది ఎవరో ఇప్పుడు గుర్తొచ్చింది. ఆమె గోడకు చేరగిలబడి, కొడుకు ఆ రోజే పోయినట్టు గుండెలు బాదుకుని ఏడ్చింది.