టేకు అచ్చులోని చిరునామా

వర్షర్తువు వెడలి శరత్తు ప్రవేశించి కాలువనీరు తేటపడి కరక్కాయరసమున తడిసి లేతపసుపు తిరిగిన వస్త్రములు గట్టు పొడవునను బాలాతపమున నారుచు మందమారుతమున నుబ్బుచు నణగుచు నుండ, రాగికాగులలో నుడుకు మంజిష్ఠవేరుల వాసన వీధులన్నిటను గ్రమ్ముకొన, బందరు సమీపమున నున్న పెదన గ్రామమున నద్దకపు పనివారలు టేకుటచ్చులను రంగున ముంచి వస్త్రములపై నుంచి పిడికిట పొడుచుచున్న యొక ప్రాతఃకాలమున, ఆ శాలకు యజమానురాలగు భ్రమరాంబ మాత్రము బల్లకడ నిలువక కంప్యూటరు ముంగిట కూర్చుండి కన్నులు చికిలించుకొనుచుండెను.

పెనిమిటి గతించిన నాటినుండి పదునొకండుగురు పనివారల సంసారములను మోయుచు, కాపురమునకు వచ్చిన నాటినుండియు అమ్మకమునకు పోవు ప్రతి వస్త్రమును రంగంటిన తన చేతులతోనే పరిశీలించి మడతపెట్టి పంపుచున్న యా యిల్లాలికి ఏబదియవ యేట ఈ-మెయిలు సేవ నొకదాని నెన్నుకొనవలసిన గతి పట్టెను. పిల్లకు సంబంధము వెదకుట యింతకన్న సుళువు గదా యని యామె యెన్నిమారులు విసుగుకొనెనో! ఒక కంపెనీవారు ఉత్తరములు దాచుకొనుటకు కావలసినంత చోటిత్తురు గాని ఫోనెత్తు నరుడు లేడు. వేరొకరు తెలుగున తీయగా పలుకుదురు గాని వారి పెట్టెలో మంచి యుత్తరము సైతము చెత్తయుత్తరములలో పడునట. మూడవది యన్నిట నచ్చెను. తీరా చేరబోవ వారడిగిన మొదటి ప్రశ్నయే యామె నోరు మూయించెను. ఈ డొమైను పేరు మీదియేనా? నిరూపింపుడు.

అయ్యో, ఈ-మెయిలు చిరునామా చివర నుండు ఆ దుకాణపు పేరు ఆమెది కాదు! ఆ యింట నొక యాచారము కలదు. క్రొత్త యచ్చుతో మొదటి యద్దకమును యజమాని వేయరాదు; చేయి చల్లనివాని నొకని పిలిచి వేయింపవలెను. పదునాలుగేండ్ల క్రిందట దుకాణమునకు ఈ-మెయిలు పెట్టించునపుడు ఆమె భర్త, బందరున కంప్యూటరు దుకాణము నడుపుచున్న తన పెత్తండ్రి కుమారుడు తారకేశ్వరరావును పిలిచి, "మొదటి చెయ్యి నీదే కావాలి అన్నయ్యా" యని యా పేరును ఆయన పేరనే వ్రాయించెను. మంచికి పోగా చెడు ఎదురగుట యనగా నిదియే. పిమ్మట నా చిరునామాను టేకుచెక్కలో చెక్కించి ప్రతి వస్త్రపు టంచునను ముద్రవేసి దేశదేశములకు పంపిరి.

ఇపుడు బావగారగు నా తారకేశ్వరరావు దుకాణపు వెనుకగదిలో నుండి యీ యుత్తరములను నడుపు సర్వరు ముసలిదై తరచు మూర్ఛిల్లుచుండెను. ఏటేట సరకు కొను వర్తకురాలు జపానులోని నగోయా నగరమునుండి వ్రాసిన యుత్తరమొకటి తొమ్మిది దినములు తడసి చేరెను. మరియొకమారు ఇట్లయినచో ఏటి సరకు వేరొకచోట కొందుమని యా వర్తకురాలు మర్యాదగనే వ్రాసెను. ఆమె మరలినచో శాలలో సగము బల్లలు మూగవోవును. ఉత్తరములనైన కంప్యూటరు అనువదించిపెట్టును గాని, ఫోనున మాటలాడుదమన్న నిరువురకు ఉమ్మడి భాష లేదు.

భ్రమరాంబ బందరు వెళ్లెను.

"బావగారూ, ఆ పేరు నా పేరన మార్చిపెట్టండి. మీ మేలు మరిచిపోను."

తారకేశ్వరరావు తలయెత్తలేదు. "మారిస్తే వెళ్ళిపోతావుగా అమ్మా! ఒకప్పుడు నలభై మంది ఖాతాదార్లు ఉండేవాళ్ళు నా దగ్గర. ఇప్పుడు నువ్వొక్కదానివే. నువ్వూ పోతే ఈ గదికి తాళం వేసుకోవడమే."

కోపము మూటగట్టుకొని వచ్చిన యామెకు జాలి కలిగెను. ఆ జాలియే యురియై బిగిసెను.

"మరి నా పదకొండు మందో, బావగారూ?"

"చూద్దాంలేమ్మా. దసరా వెళ్ళనీ."

దసరా వెడలెను. సర్వరు పూర్తిగా పడిపోయెను. ఆయన మొదట రేపనెను, పిమ్మట ఎల్లుండి యనెను, తుదకు ఫోనెత్తుట మానెను. అడకత్తెరలో పోకచెక్కవలె చిక్కిన భ్రమరాంబ తెగించి మూడవ కంపెనీకడ క్రొత్త పేరున పెట్టె తెరచి నగోయాకు వ్రాసెను. మరునాడే ప్రత్యుత్తరము వచ్చెను. చిరునామా మారినదని మోసగాండ్రు వ్రాయుట మెండైనందున పాత చిరునామానుండి మీరే ధ్రువపరచిన గాని నమ్మజాలమని దాని సారము. పాత యిల్లు తలుపు తెరువదు, క్రొత్త యింటిని ఎవరును ఎరుగరు. ఆ దినమున నామె అన్నము ముట్టలేదు.

తెల్లవారినంతనే అచ్చులు చెక్కు సింహాద్రి ఆచారిని పిలిపించెను. ఆయన పాత యచ్చును త్రిప్పి త్రిప్పి చూచి, "టేకులో తవ్వింది మళ్ళీ పూడదమ్మా. కొత్తదే చెక్కాలి" అనెను. క్రొత్త చిరునామాతో చెక్కెను. అచ్చు బల్లమీదికి వచ్చిననాడు వృద్ధుడైన పనివాడు నాంచారయ్య దగ్గరకు వచ్చెను.

"తారకేశ్వరరావుగారికి కబురు పెట్టమంటారా అమ్మా? మొదటి చెయ్యి..."

"వద్దు నాంచారయ్యా. మొదటి చెయ్యి ఇంకొకళ్ళది కాబట్టే ఇంతదాకా వచ్చింది. నేనే వేస్తాను."

ఇనుపతుప్పును బెల్లమును ఊరవేసి చేసిన నల్లరంగున నచ్చును ముంచి యామె యంచుపై నుంచి పొడిచెను. ముద్ర ప్రక్కన బొటనవ్రేలు తగిలి నల్లని మరక పడెను. చెడిన యంచును కత్తిరించి పారవేయుట శాల నియమము గావున నాంచారయ్య కత్తెర తెచ్చెను. భ్రమరాంబ వారించి, వ్రాతను నమ్మనివారు చేతిపనినైన నమ్ముదురేమో యని ఆ వస్త్రమును మూటకట్టి ఉత్తరపు ముక్కయైన జతపరుపక నగోయాకు పార్సెలు చేయించెను.

ఇరువది రెండు దినములు గడచెను. ప్రతి యుదయమును పెట్టె తెరచుట, శూన్యమును చూచుట, మూయుట. పని లేక నాలుగు బల్లలపై దుప్పట్లు కప్పిరి. ఇరువది మూడవనాడు పెట్టెలో ఒక యుత్తరముండెను.

"వస్త్రము చేరినది. ముద్ర ప్రక్కన బొటనవ్రేలి జాడ చూచితిమి. పదునాలుగేండ్లుగా మీరు పంపిన ప్రతి వస్త్రపు మడతలోను ఎచ్చటనో ఒకచోట ఈ జాడయే యున్నది. అది దోషమని మీతో ఎన్నడును చెప్పలేదు. చెప్పినచో మానివేయుదురని భయము. ఇది మీరే. సరకు పంపుడు."

భ్రమరాంబ చదివి, మరల చదివి, పనివారి యెదుటనే వెక్కి వెక్కి యేడ్చెను. ఆ సాయంకాలమే క్రొత్త ముద్రవేసిన దుప్పటి నొకదానిని బావగారికి పంపెను. ఆయన దాని యంచు చదివెనో లేదో తెలియదు.

తన పేరే యైనను దాని తాళము పరుని చేత నున్నంతకాలము అది అద్దెయిల్లే యగును. ఈ సత్యమును ఎరిగియు నామె పాత యచ్చును పారవేయలేక గోడకు వ్రేలాడదీసెను. ఏ దేశమున ఎవరు ఏ పాత వస్త్రపు టంచు చదివి ఆ మూసిన తలుపును తట్టుచున్నారో యని, వస్త్రములు మడచునపుడెల్ల నామె చూపు ఆ గోడవైపు పోవుచుండును.