మూడో రేకు

మా వదిన ఐలీ ముప్ఫై ఏళ్ళు లేసు అల్లింది. అమెరికాలో ఒకప్పటి రాగి గనుల ఊరైన కాల్యుమెట్‌లో మా చర్చి బల్లల మీద పరిచిన గుడ్డలన్నీ ఆమె చేతివే. అరవై దాటాక ఆ చెయ్యి వణకడం మొదలుపెట్టింది. డాక్టరు ఏదో పేరు చెప్పి మందు రాశాడు. వదిన ఇంటికొచ్చి సూదులన్నీ బిస్కట్ల డబ్బాలో పడేసి, నెల రోజులు దాని మూత తియ్యలేదు.

ఆ తర్వాతే ఈ రాగిపూల పిచ్చి పట్టుకుంది. నిజం పువ్వుని ఇసకలో ఆరబెట్టి, వార్నిష్ పట్టించి, దాని మీద కరెంటు పారే నల్లరంగు పూస్తారు. సన్నతీగకి కట్టి, తొట్టిలో పోసిన నీలంరంగు ద్రావణంలో వేలాడదీస్తారు. కరెంటు పెడితే పక్కనే ఉన్న రాగి పలక కొద్దికొద్దిగా కరిగి, పువ్వు మీద పొరలు పొరలుగా పేరుకుంటుంది. దానికి గొలుసు తగిలిస్తే మెడలో నగ.

"తొట్టికి చెయ్యి వణకదు కదా!" అంది వదిన.

మా అన్న ఆర్వో వెల్డింగు పనిచేసి రిటైరైన మనిషి. "మన తాతలు రాగి తవ్వి తవ్వి నడుములు విరగ్గొట్టుకున్నారు. నువ్వు దాన్ని తీసుకెళ్ళి డెయిజీ పూలకి పూస్తావా?" అని వెక్కిరించాడు. వెక్కిరిస్తూనే బేస్‌మెంట్‌లో బట్టల మిషను పక్కన బల్ల బిగించి, కరెంటు పెట్టె కుదిర్చి పెట్టాడు.

మొదటి డెయిజీకి కరెంటు ఎక్కువై రాగి కాఫీ మడ్డిలా నల్లగా రాలిపోయింది. రెండోదానికి వార్నిష్ సరిగా పట్టక లోపల కుళ్ళింది. పదకొండోది కుదిరింది. రేకు మీది ఈనెలతో సహా రాగిలోకి దిగింది. వదిన దాన్ని పట్టుకుని మెట్లెక్కి పరుగున మా ఇంటికొచ్చింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

మే నెలాఖర్లో మార్లీన్ వచ్చింది. రెండు వీధుల అవతల ఉంటుంది. రాగి పట్టించమని, తడి గుడ్డ పరిచిన గిన్నెలో ట్రిలియం అనే అడవిపువ్వు ఒకే ఒక్కటి తెచ్చింది. మారేడు దళంలా మూడు రేకులు, తెల్లగా.

"మా ఆయన యూజీన్ దీని గింజలు చల్లి ఏడేళ్ళయింది," అంది. "ట్రిలియం పూయాలంటే అంత కాలం పడుతుందట. రోజూ వెళ్ళి చూసి 'ఈ ఏడు కూడా మొండికేసింది' అని తిట్టేవాడు. పోయిన శీతాకాలం ఆయనే కన్నుమూశాడు. మొన్న ఇది పూసింది. ఆకులు తెంపితే మొక్క చచ్చిపోతుందట, అందుకే పువ్వొక్కటే తుంచాను."

వదిన గిన్నెను రెండు చేతులతో అందుకుంది.

అయిదు రోజులు ఇసకలో ఆరింది. వార్నిష్ ఆరింది. నల్లరంగు పూస్తుండగా చెయ్యి ఒక్కసారి ఎగిరింది. కుంచె పిడి తగిలి ఒక రేకు విరిగి కిందపడింది. వదిన దాన్ని తీయబోతే వేళ్ళ మధ్యే పొడైపోయింది.

నేను వెళ్ళేసరికి ఆమె మెట్ల మీద కూచుని ఉంది. అన్నయ్య ఎదురుగా నిలబడి బతిమాలుతున్నాడు.

"మన పెరటి మేపుల్ చెట్ల కింద వందలున్నాయి. ఒకటి కోసి చెయ్యి. రాగి పట్టాక అది ఎవరి పువ్వో ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"ఆమె మనసు కష్టపెట్టడం ఎందుకే? తెలియకపోతే సంతోషంగా ఉంటుంది కదా?"

నిజం చెప్పాలంటే, ఆ క్షణాన నేనూ అన్నయ్య వైపే. వదిన లేచి కోటు తొడుక్కుంది. "పద, కారు తియ్యి," అంది నాతో.

మార్లీన్ వంటింట్లో రొట్టె చేస్తోంది. వదిన దాచకుండా చెప్పింది, చెయ్యి సంగతితో సహా. మార్లీన్ మొహం పాలిపోయింది.

"చెయ్యి అలా ఉందని ముందే ఎందుకు చెప్పలేదు?"

"బయట ఎవరికీ చెప్పలేదు. సిగ్గేసింది."

"వెళ్ళు ఐలీ. ఇప్పుడు నీతో మాట్లాడలేను."

కారులో వదిన ఏడవలేదు. చేతిని ఒళ్ళో రెండో చేత్తో అదిమి పట్టుకుంది.

నాలుగో రోజున మార్లీన్ తనే వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "మిగిలింది ఉందా, పారేశావా?" అంది.

"ఉంది."

"అయితే దాన్నే చెయ్యి. రెండు రేకులున్నా అది ఆయన పువ్వే."

ఈసారి కుంచె అన్నయ్య తీసుకున్నాడు. మోటు వేళ్ళు, కానీ నలభై ఏళ్ళు నిప్పు దగ్గర కదలకుండా నిలిచిన వేళ్ళు. వదిన పక్కన కూచుని, "అక్కడ పల్చగా... ఇంకా... చాలు, చాలు!" అని చెబుతుంటే, ఊపిరి బిగబట్టి పూశాడు. పని అయ్యాక, "ఆ రోజు అలా అని ఉండకూడదు నేను," అన్నాడు. వదిన అతని చెంపకంటిన నల్లరంగు తుడిచింది.

మర్నాడు తొట్టిలోంచి తీశారు. రెండు రేకులు, వాటి మధ్య విరిగిన చోట చిన్న మోడు. రాగి ఆ మోడునీ వదల్లేదు, చుట్టూ గుండ్రంగా పేరుకుంది. మార్లీన్ వచ్చి అరచేతిలో పెట్టుకుని తిప్పితిప్పి చూసింది. మోడు మీద బొటనవేలు ఆనించింది.

"యూజీన్ చూస్తే ఏమనేవాడో తెలుసా? 'ఏడేళ్ళు ఆగితే రెండే రేకులా!' అని గొడవ చేసేవాడు," అంది. అని పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

వదిన కాఫీ పెట్టడానికి లేచింది. మార్లీన్ ఆమె భుజం పట్టి కూచోబెట్టి, "నువ్వుండు, నేను పోస్తాను," అంది. తొణక్కుండా కప్పు సగం వరకే పోసి వదిన ముందు పెట్టింది.